మా మందిరపు గిటారు

మీలో చాలామంది మా నగరము పేరును వార్తాపత్రికలలో ఒకే ఒక్కసారి చదివి ఉంటారు. 2014 జూన్ 27వ తేదీ తెల్లవారుజామున గ్యాస్ పైపులైను ప్రేలి 20 మందికి పైగా ప్రాణములు పోగొట్టుకున్న ఊరు ఇదే. ఆ తరువాత రెండేండ్లకు మేము ఇక్కడి సంఘమునకు కాపరిగా వచ్చాము. మాడిపోయిన కొబ్బరిచెట్ల చోట అప్పటికే కొత్త మొక్కలు నాటుకున్నారు గాని, బయటివారెవరు వచ్చినా మొదట అడిగే మాట ఆ మంటను గూర్చియే. ఒక ఊరిని దాని కష్టమును బట్టి మాత్రమే జ్ఞాపకము చేసుకొనుట మాకు న్యాయముగా తోచలేదు. అందుచేత ఈ నెల, ఇదే ఊరిలో ఒక యౌవనస్థుని చేతులతో తయారైన ఒక వాద్యమును గూర్చియు, దాని విషయములో మేము చేసిన ఒక తప్పును గూర్చియు వ్రాయుచున్నాము.

2022 జూలైలో గోదావరికి వచ్చిన వరదను మన ప్రాంతమువారు మరచి ఉండరు. లంక గ్రామములు నీట మునిగినప్పుడు కొన్ని కుటుంబములు మా మందిరములో తల దాచుకున్నాయి. చాపలు పరచుటకు చోటు కావలసి బల్లలు, సామాను వరండాలోకి మార్చాము. ఆ సామానులో సంఘపు కీబోర్డు కూడా ఉన్నది. రెండు రాత్రుల వాన జల్లుకు అది తడిసి మూగబోయింది. అమలాపురము తీసుకొని వెళ్లి చూపిస్తే, బాగుచేయించే ఖర్చుతో కొత్తదే కొనుక్కోవచ్చునని చెప్పారు.

పెద్దల కూడికలో ఈ మాట వచ్చినప్పుడు, కొందరు ఇంతకంటె పెద్దది, పెద్ద స్పీకర్లతో సహా కొందామన్నారు. చివరి బల్ల మీద కూర్చున్న ఒక వృద్ధ విధవరాలు లేచి, "అయ్యగారండీ, ఆ పెట్టెల మోతలో నాకు పాట మాటలే వినబడవండి. తంబురా ఉన్న రోజుల్లోనే బాగుండేదండి" అన్నది. అందరూ నవ్వారు. మేము మాత్రము నవ్వలేకపోయాము. మా మందిరమునకు దగ్గరలోనే ముస్లిము సోదరుల వీధి. మా స్పీకర్ల మోతను వారు ఎన్నో ఏండ్లుగా మాట అనకుండా సహించుచున్నారు. పైగా కరెంటు పోయిన రోజున మా ఆరాధన సగములోనే ఆగిపోయేది. పేటలలో గృహ కూడికలకు ఆ పెట్టెలను మోసుకొని వెళ్లుట మరొక కష్టము.

ఆ సాయంకాలము ఒక తమ్ముడు మా ఇంటికి వచ్చాడు. తన పేరు వ్రాయవద్దని కోరినందున 'తమ్ముడు' అనియే వ్రాయుచున్నాము. తండ్రి వడ్రంగి. తండ్రి దగ్గర ఉలి పట్టుట నేర్చి, మన కోనసీమ బిడ్డలనేకుల వలెనే ఇతడును గల్ఫు వెళ్లి, అక్కడ ఫర్నిచరు పనిలో తొమ్మిదేండ్లు ఉన్నాడు. చిన్ననాటి నుండి గిటారు బాగుగా వాయించేవాడు. అక్కడ కోత యంత్రము క్రింద ఎడమ చేతి రెండు వ్రేళ్ల కొసలు పోయాయి. తీగలను నొక్కి పట్టవలసిన వ్రేళ్లు అవే. తిరిగి వచ్చిన తరువాత ఆరాధనకు వచ్చి వెనుక వరుసలో కూర్చునేవాడు, ఆశీర్వాదమునకు ముందే లేచి వెళ్లిపోయేవాడు. మేము ఎన్నిసార్లు పలకరించినా "ఆయ్, బాగానే ఉన్నానండి" అనుటయే గాని మరొక మాట లేదు.

ఆ రోజున మాత్రము గడప దగ్గర నిలబడి, "వాయించడం ఇంక నా వల్ల కాదండి. చెయ్యడం అయితే చేతనౌతుందండి" అన్నాడు.

"ఏమిటి బాబూ చేసేది?" అని అడిగాము.

"గిటారండి. మన గుడికి."

మేము నమ్మలేదు. గిటారు అంటే కలకత్తాలోనో మరెక్కడనో యంత్రముల మీద తయారయ్యే వస్తువని మా ఉద్దేశము. అతడు ఫోనులో దాచుకున్న పటములు చూపించాడు. గల్ఫులో తనతో పనిచేసిన ఒక ఫిలిప్పీన్సు దేశస్థుని గిటారును రెండుసార్లు బాగుచేశాడట. ఆ స్నేహితునిది సెబూ ద్వీపము. అక్కడ చేతితో గిటార్లు చేసే కుటుంబములు అనేకము ఉన్నాయి, వారు పనస చెక్కను కూడా వాడుతారు. పనసను వారు 'లాంగ్కా' అంటారని చెప్పి, "మన లంక లాగే వినబడతాదండి" అని ఆ తమ్ముడు నవ్వాడు. అతడు నవ్వగా చూచుట మాకు అదే మొదటిసారి.

మరునాడు మమ్మును తన ఇంటికి తీసుకొని వెళ్లి అటక మీది నుండి రెండు పలకలు దింపాడు. పసుపు వన్నె కాస్త ముదిరి తేనె రంగుకు తిరిగిన పనస పలకలు అవి. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి తుఫానులో కోనసీమ కొబ్బరిచెట్లు లక్షలలో నేల కూలినప్పుడు, వారి పెరటిలోని పనసచెట్టు కూడా పడిపోయింది. తండ్రి దానిని కోత మిషనుకు తోలించి పలకలు కోయించాడు. కూతురి పెండ్లికి మంచము చేయాలని ఆయన ఆశ. పెండ్లి తొందరలో ఇనుప మంచము కొనవలసి వచ్చింది. పలకలు అటక మీదనే ఉండిపోయాయి. ఆయన ప్రభువు నొద్దకు వెళ్లిపోయారు. ఆ తల్లి పలకలను కొంగుతో తుడుస్తూ, "ఆయన చేతితో ఎత్తి పెట్టినవండి, ఇవి. పాటకే వాడండి" అన్నది. 26 ఏండ్లు నీడలో ఆరిన చెక్క అది. అటువంటిది డబ్బు పెట్టినా దొరకదని తమ్ముడు చెప్పాడు.

పనస చెక్కకు పాట కొత్త కాదు. విజయనగరము జిల్లా బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో సర్వసిద్ధి వంశమువారు తరతరములుగా వీణలు చేయుచున్నది పనసతోనే. కుండ, దండి, మెడ అంతయు ఒకే దుంగలో తొలిచిన దానిని ఏకాండి వీణ అంటారు. తేలికగా ఉండుట, నాదము పలుకుట, పురుగుకు తట్టుకొనుట అనే మూడు గుణములు పనసలో ఉన్నాయి. మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకములో అనేక కీర్తనల మీద రాగము, తాళము అచ్చువేసి ఉండుట మీరు చూచే ఉంటారు. వీణ పుట్టిన చెక్కలోనే మన కీర్తనలు పలుకుట ఎంత యుక్తమో గదా అని మాకు తోచింది.

అయితే వీణ వేరు, గిటారు వేరు. వీణను తొలుస్తారు. గిటారును పలుచని రేకులతో పెట్టెగా కడతారు. ఇప్పుడు మనము చూచే క్లాసికల్ గిటారుకు రూపము దిద్దినవాడు స్పెయిను దేశములోని ఆల్మెరియా పట్టణపు వడ్రంగి ఆంటోనియో దె తోర్రెస్ (1817-1892). పైరేకు లోపలి వైపున ఏడు సన్నని బద్దలను తాటాకు విసనకర్ర పుల్లల వలె విప్పి అతికించే పద్ధతిని ఆయన స్థిరపరచాడు. గిటారుకు పైరేకే ప్రాణమని చూపుటకు, 1862లో ప్రక్కలును వెనుకయు అట్టముద్దతో చేసి, పైరేకును మాత్రము మంచి చెక్కతో చేసి ఒక గిటారు కట్టాడు. అదియు చక్కగా పలికింది. ఈ సంగతి చెప్పి తమ్ముడు, "నాన్న పనస వెనక్కి, పక్కలకి వేద్దామండి. పైరేకుకి మాత్రం స్ప్రూస్ కావాలండి, అది మన దగ్గర పెరగదు" అన్నాడు. శీతల దేశములలో పెరిగే ఆ చెక్కను బెంగుళూరు నుండి పార్సిలులో తెప్పించాము. ఫ్రెట్ బోర్డుకు, బ్రిడ్జికి జిట్టేగి చెక్క, అనగా రోజ్‌వుడ్, ఒక పాత ఇంటి తలుపు కమ్మి నుండి దొరికింది.

తీగల కథ కూడా వినదగినది. పూర్వము గిటారుకు పశువుల ప్రేగులతో చేసిన తీగలు కట్టేవారు. రెండవ ప్రపంచ యుద్ధ కాలములో అవి దొరకక, 1940లలో న్యూయార్కులోని ఆల్బర్టు ఆగస్టీన్ నైలానుతో తీగలు చేయగా, సుప్రసిద్ధ వాద్యకారుడు సెగోవియా వాటిని అంగీకరించాడు. మన జాలరులు గాలములకు కట్టే దారమును ఆ తీగయు ఒకే జాతివి. ఆ ఆరు తీగలు బిగించినప్పుడు కలిగే లాగుడు సుమారు 40 కిలోలు. దానిని భరించేది రెండున్నర మిల్లీమీటర్ల మందము గల పైరేకు. ఎంత ఆశ్చర్యము! బయటికి కనబడని ఆ బద్దల వలననే అది నిలబడుచున్నది.

మా తమ్ముడు తోర్రెస్ పద్ధతి మీదనే కట్టినను, ఈ కాలపు మార్పులు మూడింటిని అందులో చేర్చాడు. మొదటిది, మెడ లోపల రెండు కార్బన్ ఫైబర్ కడ్డీలు. గాలిపటములకు వాడే సన్నని నల్లని కడ్డీలే అవి. మన చెమ్మకు మెడ వంగకుండ అవి ఆపుతాయి. రెండవది, ఫ్రెట్ బోర్డును పైరేకు మట్టము కంటె కొంచెము ఎత్తున నిలుపుట. న్యూయార్కులో థామస్ హంఫ్రీ అనువాడు 1980లలో దీనికి ప్రచారము తెచ్చాడు. పై స్వరములకు చేయి సులువుగా అందుతుంది. మూడవది, వాయించువాని ముఖము వైపునకు ప్రక్కన ఒక చిన్న రంధ్రము. ముందు నున్న పెద్ద రంధ్రము ధ్వనిని వినువారి వైపునకు పంపితే, ఈ ప్రక్క రంధ్రము వాయించువానికి తన వాద్యమును తనకు వినిపిస్తుంది. రేకుల కప్పు మీద వాన పడునప్పుడు ఇది ఎంత అవసరమో పల్లె మందిరములవారికి చెప్పనక్కరలేదు. మా పెద్దలలో ఒకరు మాత్రము ఆ రంధ్రమును చూచి, "ఏమండీ, పక్కన ఎలక కొట్టేసిందా?" అని అడిగారు.

ఇంకను పెద్ద మార్పులు చేసినవారు లోకములో ఉన్నారు. ఆస్ట్రేలియాలో గ్రెగ్ స్మాల్‌మన్ బద్దలను బాల్సా చెక్కతోను కార్బన్ ఫైబరుతోను జాలీ వలె అల్లి, పైరేకును మరింత పలుచన చేశాడు. జర్మనీలో కొందరు రెండు పలుచని రేకుల మధ్య తేనెపట్టు గదుల వంటి పదార్థమును పెట్టి ఒకే పైరేకుగా చేస్తారు. "అవి ఇప్పుడే మన చేతికి అందవండి" అని తమ్ముడు వాటిని ముట్టలేదు. తన కొలత తనకు తెలిసిన పనివాడు అతడు.

ఆగస్టులో పని మొదలైంది. ప్రక్కలకు కోసిన పనస రేకులు రెండు మిల్లీమీటర్లకు తీసి, నీటిలో నానబెట్టి, కాలిన ఇనుప గొట్టము మీద అంగుళము అంగుళముగా వంచాడు. తొందరపడితే విరుగును, ఆలస్యము చేస్తే మాడును. ఆ వేడికి పనస వాసన లేచి, తల్లి వంటింటి నుండి బయటికి వచ్చి చాలాసేపు అక్కడే నిలబడింది.

మెట్ల లెక్క మా వంతు. వీణకు మెట్లను మైనములో అమర్చుతారు, స్వరము తప్పితే సవరించవచ్చును. గిటారు మెట్లు ఒకసారి కొట్టితే అంతే. తీగ పొడవు 650 మిల్లీమీటర్లు. దానిని 17.817 చేత భాగిస్తే 36.48, అది మొదటి మెట్టు దూరము. మిగిలిన 613.52ను మరల అదే అంకెతో భాగిస్తే 34.43, రెండవ మెట్టు. ఇట్లు చేసుకుంటూ పోతే 12వ మెట్టు సరిగా సగములో, 325 దగ్గరకు రావలెను. మేము కాగితము మీద లెక్క సరిగానే చేశాము గాని, స్కేలుతో గుర్తులు పెట్టునప్పుడు ఒక మెట్టు నుండి మరొక మెట్టుకు కొలుచుకుంటూ పోయాము. 12వ మెట్టు రెండు మిల్లీమీటర్లు జరిగిపోయింది. ప్రక్కనే నిలబడిన సండే స్కూలు పిల్ల, ఎనిమిదవ తరగతి చదివేది, "అయ్యగారండీ, ప్రతిసారీ మొదటి నుంచే కొలవండి. మెట్టుకి మెట్టుకి కొలిస్తే ప్రతి తప్పూ ముందు తప్పు మీద కూర్చుంటాదండి" అన్నది. ఆ మాట ఆనాడు మెట్లను గూర్చి మాత్రమే అనుకున్నాము.

ఇక మా తప్పు చెప్పాలి. అక్టోబరు నాటికి పెట్టె రూపము చూచి మాకు ఎంతో సంతోషము కలిగింది. ఆ సంతోషములో ఒక ఆదివారము ప్రసంగ వేదిక మీద నుండి, "ఈ క్రిస్మస్ నాడు మన సొంత గిటారును దేవునికి ప్రతిష్ఠించెదము" అని ప్రకటించాము. తమ్ముని అడుగలేదు. సంఘమంతయు చప్పట్లు కొట్టింది. అతడు మాత్రము తల వంచుకున్నాడు.

సాయంకాలము వచ్చి, "పైరేకుకి బద్దలు అతికించేది ఈ వానల్లో కాదండి. చెక్క ఊరుకోదండి. చెమ్మకి ఉబ్బుద్ది, పొడికి ముడుచుకుంటది. ఉబ్బినప్పుడు అతికించేస్తే, ఎండల్లో ముడుచుకోడానికి చోటు ఉండదండి, పగిలిపోద్ది. చెమ్మ ఆరనివ్వండి, సంక్రాంతి దాటనివ్వండి" అన్నాడు. మేము, "ప్రకటించేశాము కదా బాబూ, దేవుడే చూచుకుంటాడులే" అన్నాము. ప్రియులారా, మన తొందరకు దేవుని పేరు పెట్టుట ఎంత సులువో చూడండి. అతడు మరేమియు అనలేదు. ఈశాన్యపు వానలలో, గోడలు చెమర్చే గదిలో, బద్దలు అతికించాడు. రాత్రులు మేలుకొని లక్క పాలిష్ రుద్దాడు.

క్రిస్మస్ నాడు గిటారు పలికింది. ఆ వృద్ధ విధవరాలు పాట మాటలన్నియు వినబడ్డాయని కన్నీరు తుడుచుకున్నది. మాకు అభినందనలు చాలా వచ్చాయి. తమ్మునికి కూలి ఎంత అని మాత్రము ఎవరును అడుగలేదు, మేమును అడుగలేదు. సేవ కదా అనుకున్నాము. పనివాని కూలిని గూర్చి ఎన్నిసార్లు ప్రసంగించామో మాకే లెక్క తెలియదు.

2023 మే నెలలో యౌవనస్థుల శిబిరమునకు ఖమ్మము వెళ్లుచు ఆ గిటారును మాతో తీసుకొని వెళ్లాము. అక్కడి ఎండ మీకు తెలియును. గాలిలో తడి అనునది లేదు. రెండవ రాత్రి మేము పండుకున్న గదిలో ఎండిన కొమ్మ విరిగినట్లు ఒక శబ్దము వినబడింది. దీపము వేసి చూస్తే, బ్రిడ్జి క్రింది నుండి అంచు వరకు పైరేకు నిలువున చీలి ఉన్నది. జానెడు వెడల్పు గల రేకు ఒక మిల్లీమీటరు ముడుచుకోవలెనన్నా అడ్డు బద్దలు దానిని కదలనీయవు. అప్పుడు చీలుట తప్ప దానికి మరొక దారి లేదు. తమ్ముడు చెప్పినది అక్షరాల జరిగింది.

తిరిగి వచ్చి పెద్దల కూడికలో మేము ఏమి చెప్పామో వ్రాయుటకు సిగ్గుపడుచున్నాము. "పని కాస్త తొందరగా చేశాడు, అనుభవము చాలలేదు" అన్నాము. తొందర ఎవరిదో చెప్పలేదు. ఆ మాట చిన్న ఊరిలో ఎంతసేపు దాగును? సాయంకాలమునకే అతనికి చేరింది. తరువాతి ఆదివారము వెనుక వరుస ఖాళీగా ఉన్నది. మరుసటి ఆదివారమును అంతే. మరల గల్ఫు వెళ్లుటకు ఏజెంటు చుట్టూ తిరుగుచున్నాడని విన్నాము.

ఒక ఉదయము అతని తల్లి మా ఇంటికి వచ్చి మా సహధర్మిణి దగ్గర కూర్చున్నది. కోపముగా మాట్లాడలేదు. "మావాడు ముందే చెప్పాడంట కదమ్మా, చెమ్మ ఆరనివ్వమని. ఆ చెక్క వాళ్ల నాన్నది కదమ్మా, వాడు కావాలని పాడుచేస్తాడా?" అని మాత్రము అన్నది. మేము లోపలి గదిలో ఆదివారపు ప్రసంగము సిద్ధపరచుకొనుచున్నాము. కలము క్రింద పెట్టాము. ఆ పిల్ల చెప్పిన మాట అప్పుడు జ్ఞాపకము వచ్చింది. అడుగకుండ తేదీ ప్రకటించుట ఒక తప్పు. దాని మీద, హెచ్చరికను త్రోసివేయుట. దాని మీద, కూలి ఇయ్యకుండుట. దాని మీద, నింద మోపుట. ప్రతిదియు ముందు దాని మీద కూర్చున్నది. మొదటి నుండి కొలుచుకొనియుంటే ఇంత దూరము జరిగియుండేవారము కాము.

ఆ సాయంకాలమే పెద్దలను వెంటబెట్టుకొని ఆ ఇంటికి వెళ్లాము. ఏ పెద్దల యెదుట నింద వేశామో ఆ పెద్దల యెదుటనే, "తొందర మాది, తప్పు మాది. నీవు ముందే చెప్పావు, మేము వినలేదు. క్షమించు" అని చెప్పాము. గుడారపు పని చేసిన బెసలేలుకు ఫలానా పండుగ నాటికి ముగించమని మోషే గడువు పెట్టినట్టు మనము ఎక్కడను చదువము. ఆపాటి జ్ఞానము మాకు లేకపోయెనే అని కూడా ఒప్పుకున్నాము. సంఘపు సొమ్ములో నుండి అతని అయిదు నెలల పనికి కూలి లెక్కకట్టి బల్ల మీద పెట్టాము. తరువాతి ఆదివారము, తేదీ ప్రకటించిన ఆ వేదిక మీద నుండియే ఈ సంగతి సంఘమునకును చెప్పుకున్నాము. కాపరి తప్పు ఒప్పుకుంటే సంఘములో గౌరవము తగ్గునని కొందరి భయము. అట్లు జరుగలేదు.

తమ్ముడు ఆ సాయంకాలము చాలాసేపు మౌనముగా కూర్చున్నాడు. తరువాత గిటారును ఒడిలోకి తీసుకొని చీలిక మీద బొటనవ్రేలు నడిపి, "అతుకు వెయ్యొచ్చండి గానీ మళ్లీ చీలుద్దండి. రేకు మొత్తం మార్చాలి. వెనకా పక్కలూ బాగానే ఉన్నాయండి, నాన్న పనస కదండి" అన్నాడు. మేము తల ఊపాము. "ఒక్క మాటండి, ఈసారి తేదీ చెప్పకండి" అన్నాడు. పెద్దలందరు నవ్వారు. ఈసారి మేమును నవ్వాము.

రెండవ స్ప్రూస్ రేకు వచ్చిన తరువాత అతడు చేసిన మొదటి పని రేకును ముట్టుట కాదు. పాత ప్లైవుడ్డుతో బీరువా అంత పెట్టె ఒకటి చేసి, అందులో పాతకాలపు తీగ బల్బు ఒకటి వెలిగించి, తేమ కొలిచే చిన్న గడియారము తగిలించాడు. బయట గాలిలో తేమ 80, 85 శాతము ఉన్న రోజున కూడా ఆ పెట్టెలో 45, 50 మధ్య నిలిచేది. ఎల్.ఇ.డి. బల్బులు వేడి చాలవని పాత బల్బుల కొరకు రాజోలు, మలికిపురము కొట్లన్నియు తిరిగాము. రేకు ఆ పెట్టెలో మూడు నెలలు ఉన్నది. బద్దలు కూడా అందులోనే ఆరాయి. పాత రేకును విప్పునప్పుడు, వేడి కత్తి అంచుతో జిగురును కరిగించి, వ్రేలు వ్రేలు చొప్పున ఊడదీశాడు. పనస అంచుకు ఒక్క పెచ్చు కూడా లేవలేదు. ఈసారి తెల్ల జిగురు విడిచి, పశువుల తోలుతో కాచిన జిగురు వాడాడు. ఎప్పుడైనా విప్పవలసి వస్తే అది వేడికి, తడికి సులువుగా వదులును. "రేపు ఎవరో ఒకరు బాగుచెయ్యాలి కదండి, వాళ్లకి దారి ఉంచాలి" అన్నాడు.

2024 మే నెల ఒక శనివారము, ముందుగా ఎవరికి చెప్పకుండ, గిటారును గోనెసంచిలో చుట్టుకొని వచ్చి మందిరములో పెట్టి వెళ్లాడు. ఇప్పుడు అది ఉన్నచోట బల్బు గూడు ఒకటి ఉన్నది. వేరే ఊరు తీసుకొని వెళ్లవలసివస్తే పెట్టెలో తడి స్పాంజి ముక్క ఉంచమని మాకు నేర్పాడు. అప్పటి నుండి రెండు వేసవులు, రెండు వానకాలములు గడచాయి. రేకు చెక్కుచెదరలేదు. గల్ఫు మాట అతడు మరల ఎత్తలేదు. ప్రక్క ఊరి పాఠశాల ఉపాధ్యాయుడొకరు తనకొక గిటారు చేయమని బయానా ఇచ్చారు. గడువు చెప్పకుండ ఇచ్చారు!

ఇప్పుడు మా మందిరములో వాయించునది ఆ మెట్ల లెక్క సవరించిన పిల్లయే. తమ్ముడు తన చేతితో చూపించలేడు గనుక నోటితోనే నేర్పాడు. "చూపుడు వేలు రెండో మెట్టు, నాలుగో తీగ, కొంచెం వంచు, అదీ" అని చెప్పగా, ఆమె వ్రేళ్లు వినుచున్నాయి.

సంఘములలో కాపరులుగా, పెద్దలుగా ఉన్న మనకు ఒక మాట. సేవ పేరట మనము ఎందరి పనికి గడువులు పెట్టుచున్నామో, ఎందరి కూలిని కృతజ్ఞతలతో సరిపెట్టుచున్నామో ఒకసారి లెక్క చూచుకొందము. మీ సంఘములోను వెనుక వరుసలో కూర్చుని ముందే లేచి వెళ్లిపోయేవారు ఉంటారు. వారి చేతిలో ఏమి పోయినదో మనకు కనబడును. ఏమి మిగిలినదో అడుగవలసినవారము మనమే.

గడచిన శ్రావణములో ఒక ఆదివారము పెద్ద వాన. కరెంటు పోయింది. రేకుల మీద మోతకు మా ప్రార్థన మాకే వినబడలేదు. ఆ పిల్ల గిటారు తీసుకొని, తల కొంచెము ప్రక్క రంధ్రము వైపునకు వంచి, తన వాద్యమును తాను వింటూ కీర్తన మొదలుపెట్టింది. ముందు వరుసలో వృద్ధ విధవరాలు అందుకున్నది, తరువాత అందరును అందుకున్నారు. ఆశీర్వాదము చెప్పి కన్నులు తెరచి చూస్తే, వెనుక వరుసలో తమ్ముడు ఇంకను కూర్చునే ఉన్నాడు.